గాజుగుడ్డ సన్మానం

వెంకటపతిరాజుగారి ఇంజనీరింగ్ కాలేజీలో అడుగుపెట్టినవాడెవడూ శాలువా లేకుండా బయటపడిన దాఖలా లేదు. రాజుగారిది భీమవరం వైపు. రొయ్యల చెరువులు కలిసొచ్చాక నలుగురికీ చదువు చెప్పించాలన్న సరదా పుట్టి, రామచంద్రపురం రోడ్డులో ఈ కాలేజీ కట్టారు. కట్టిన రోజు నుంచీ ఆయనది ఒకటే పట్టు. గేటు దాటి వచ్చినవాడు అతిథి, అతిథి అన్నాక శాలువా కప్పాలి. తనిఖీకి వచ్చి కాలేజీని కడిగిపారేసిన యూనివర్సిటీ వాళ్ళకు కప్పారు. ట్రాన్స్‌ఫార్మర్ బాగుచెయ్యడానికి వచ్చిన లైన్‌మన్‌కు కప్పారు. రాజుగారు కింద నిలబడి చూస్తున్నారన్న మొహమాటంతో ఆ లైన్‌మన్ పాపం శాలువాతోనే స్తంభం ఎక్కాడు.

మనిషి మంచివాడే. ఆ మాటకొస్తే మరీ మంచివాడు, చిక్కంతా అక్కడే ఉంది. మర్యాద ఇంత ఎక్కువైతే పని జరగదని ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చెబితే వాళ్ళకూ ఒక శాలువా కప్పుతారని భయం.

శ్రీదుర్గ ఈ శాలువాల గొడవ ఏనాడూ పట్టించుకోలేదు. ఆమెకున్న గొడవ ఆమెకు చాలు. అమలాపురం దగ్గర పల్లెటూరు, తండ్రి స్కూలు మాస్టారు, వయసు ముప్పై ఒకటి. కాలేజీ వెనకాల పాత క్యాంటీన్ గదిని ల్యాబ్‌గా మార్చి ఇస్తే, అందులో అయిదేళ్ళుగా పీహెచ్‌డీ పని చేస్తోంది. "అయిదేళ్ళుగా ఏం వండుతున్నావే ఆ గదిలో? ఇంకా ఉడకలేదా?" అని వాళ్ళమ్మ ఫోనులో అడుగుతూ ఉంటుంది. అడిగిన ప్రశ్న సరైనదే. శ్రీదుర్గ పని నిజంగా వంటే, ఉడకకపోవడమే సమస్య.

తుని వైపు జీడి ఫ్యాక్టరీల్లో పప్పు తీసుకున్నాక తొక్కలు మిగులుతాయి. వాటిని పిండితే నల్లటి నూనె వస్తుంది, చేతికంటితే పొక్కుతుంది. ఆ నూనెలోంచి శ్రీదుర్గ ఒక రెసిన్ తయారు చేస్తుంది. దాన్ని గాజుదారంతో నేసిన గుడ్డకు పట్టించి, పొర మీద పొర పేర్చి, ఓవెన్‌లో మెల్లగా వేడి పెంచుకుంటూ పోతే, రెసిన్‌లోని అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. ఒకసారి అల్లుకున్న వల మళ్ళీ కరగదు. ఇనుములో నాలుగోవంతు బరువు కూడా లేని గట్టి పలక తయారవుతుంది. ఇంజన్ల పక్కన, వేడి తగిలేచోట, లోహానికి బదులు వాడుకోవచ్చు.

వాడుకోవచ్చు అని కాగితం మీద రాసుకోవడం తేలికే. జీడినూనె అణువుకు పొడుగాటి తోక ఒకటి ఉంటుంది. వేడి తగలగానే ఆ తోక ఆడుతుంది, వల సడలుతుంది, పలక మెత్తబడుతుంది. మొదటి రెండేళ్ళూ శ్రీదుర్గ చేసిన పలకలన్నీ నూట యాభై డిగ్రీలకే వేసవిలో బ్యాగులో మరిచిపోయిన చాక్లెట్‌లా వంగిపోయాయి. ఆ తోకను కూడా వలలో ముడివెయ్యడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. ఎట్టకేలకు ముడి పడింది. చిన్న ముక్కల్లో రెండువందల యాభై డిగ్రీల దాకా నిలబడింది.

ఇక మిగిలింది పెద్ద పరీక్ష. పన్నెండు పొరల పలక చెయ్యాలి, దాన్ని బద్దలుగా కోసి వంచాలి. మామూలు గదిలో వంచినప్పుడు ఎంత బలం చూపిందో, రెండువందల యాభై డిగ్రీల వేడిలో అందులో నూటికి డెబ్బై వంతులైనా చూపాలి. అది చూసి సంతకం పెట్టడానికి హైదరాబాదు ల్యాబ్ నుంచి శశిభూషణ్‌గారు వస్తున్నారు. కాంపోజిట్లలో ముప్పై ఏళ్ళు పండిపోయిన మనిషి. ఆయన సంతకం పెడితే థీసిస్ ముందుకు నడుస్తుంది, ల్యాబ్ ఉంటుంది. పెట్టకపోతే ఈ నెలాఖరుకు ప్రాజెక్టు మూత. ఆ గదిలో రొయ్యల మేత బస్తాలు పెట్టుకుందామని రాజుగారి మనుషులు ఇప్పటికే టేపు పట్టుకొచ్చి కొలుచుకుని వెళ్ళారు. వాళ్ళు కొలుస్తున్నంతసేపూ శ్రీదుర్గ ఓవెన్‌కు ఆనుకుని నిలబడింది, అదేదో చంటిపిల్ల అయినట్టు.

శశిభూషణ్‌గారు ముందే ఉత్తరం రాశారు. గుడ్డ కత్తిరించడం దగ్గర నుంచీ ప్రతి పనీ తన కళ్ళెదుటే జరగాలని. అందుకని శ్రీదుర్గ ఆఖరి గుడ్డను కత్తిరించకుండా, చుట్టినది చుట్టినట్టే, బీరువాలో శుభ్రమైన కవరులో దాచింది. మామూలు గుడ్డ కాదది. రెసిన్ గట్టిగా పట్టుకునేలా ప్రత్యేకం పూత వేయించి పుణె నుంచి తెప్పించింది. రావడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు మిగిలినదల్లా రెండున్నర మీటర్లు.

ఆ మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసు సూపరింటెండెంట్ అమ్మాజీ శాలువాల బీరువా తెరిచింది. లోపల నాఫ్తలీన్ ఉండలు తప్ప ఏమీ లేవు. ముందురోజు కాలేజీలో రక్తదాన శిబిరం జరిగింది. రక్తం ఇచ్చిన వాళ్ళందరికీ రాజుగారు కప్పేశారు. ఇద్దామని వచ్చి, సూది చూసి కళ్ళు తిరిగి పడిపోయినవాడికి కూడా కప్పారు. అతిథి కారేమో రాజమండ్రి స్టేషన్‌లో బయల్దేరింది. బట్టల కొట్లు పదిన్నర అయితేగానీ తెరవరు. అమ్మాజీ దగ్గర కాలేజీలో ప్రతి తలుపుకూ తాళంచెవి ఉంది. ఆమె కాలేజీ అంతా గాలించి, ఆఖరికి శ్రీదుర్గ ల్యాబ్‌లోని బీరువా తెరిచింది.

తరవాత జరిగింది ఊహించుకోండి.

శ్రీదుర్గ సెమినార్ హాలులో మూడో వరసలో, తన గైడు రామచంద్రమూర్తిగారి పక్కన కూర్చుంది. వేదిక మీద శశిభూషణ్‌గారు, సన్నగా, పొడుగ్గా, అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. రాజుగారు పన్నీరు చల్లారు, మెడకు గంధం రాశారు, పళ్ళెంలోంచి శాలువా తీసి విప్పారు. తెల్లటి తెలుపు. పట్టును మించిన మెరుపు. రెండు వైపులా బంగారు జరీ అంచు.

"అబ్బ, ఎంత బావుందో శాలువా," అన్నారు మూర్తిగారు చప్పట్లు కొడుతూ. "రాజుగారు ఈసారి బాగా పెట్టారు."

శ్రీదుర్గ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. ఏడు పోగుల మీంచి దూకి ఎనిమిదో పోగు కింద దూరే నేత. ఆ నేతను ఆమె అయిదేళ్ళుగా చూస్తోంది, చీకట్లో తడిమినా చెప్పగలదు. లేచి, వరసలో కూర్చున్న వాళ్ళ కాళ్ళు తొక్కుకుంటూ ల్యాబ్‌కు పరుగెత్తింది. బీరువాలో కవరు ఉంది. కవరులో అరమీటరు గుడ్డ ఉంది.

ల్యాబ్ గుమ్మం దగ్గర అమ్మాజీ ఎదురైంది, మోచేతులు గోక్కుంటూ.

"మేడమ్ గారూ, మిమ్మల్ని అడగకుండా రెండు మీటర్లు తీసుకున్నానండి, ఏమనుకోకండి. ఆ జరీ నా పాత చీరదండి. లేడీస్ హాస్టల్ మిషన్ మీద ఇరవై నిమిషాల్లో కుట్టేశాను. ఎలా ఉందండి?"

"అమ్మాజీ గారూ," అంది శ్రీదుర్గ. "అది గాజు అండి."

"గాజేంటండి?"

"గాజుని సన్నటి దారం తీసి నేసిన గుడ్డ. సీసాలు చేస్తారు చూడండి, ఆ గాజు. దాంతోనే నేను రేపటి పరీక్షకి పలక చెయ్యాలి. పన్నెండు పొరలు కావాలి. మీరు ఉంచినదాంట్లో ఒక్క వరసే, మూడొస్తాయి. మిగతా తొమ్మిదీ ఆయన భుజం మీద ఉన్నాయి."

అమ్మాజీ గోక్కోవడం ఆపి తన చేతుల వంక చూసుకుంది. "అదా! దోమలనుకున్నానండి. పొద్దుటి నుంచీ ఒకటే దురద. అయ్యబాబోయ్, మరి ఆయనకీ..." అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నాక మూతి కూడా దురద పుట్టింది.

అమ్మాజీ మీద కోపం తెచ్చుకుందామని శ్రీదుర్గ చాలా ప్రయత్నించింది. కానీ ఆ మనిషి అప్పటికే కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది, దాంతో కళ్ళు కూడా మండుతున్నాయి. ఏమంటాం? మూర్తిగారు రొప్పుతూ వచ్చి, సంగతి విని, కుర్చీలో కూలబడ్డారు. ఆయన చాలా చదువుకున్న మనిషి, బొత్తిగా పిరికి.

"వెళ్ళి అడిగేస్తాను సార్," అంది శ్రీదుర్గ.

"ఏమని అడుగుతావమ్మా? పదిమందిలో కప్పిన శాలువా వెనక్కిచ్చెయ్యండి అనా? రాజుగారి పరువేం కాను? ఆయన మనసేం కాను? సంతకం పెట్టాల్సిన మనిషమ్మా అది!" మూర్తిగారు తల అడ్డంగా ఊపారు. "ఆయనంతట ఆయనే తీసేటట్టు చెయ్యాలి. అదీ మర్యాద."

మొదటి ప్రయత్నం అమ్మాజీది. కొట్లు తెరవగానే బజారుకు పరుగెత్తి, మెరూన్ రంగు కశ్మీరు శాలువా ఒకటి తెచ్చి, శశిభూషణ్‌గారు రాజుగారి గదిలో కాఫీ తాగుతూ ఉండగా లోపలికి వెళ్ళింది.

"సార్, ఇది మీకోసం ప్రత్యేకంగా తెప్పించిందండి. అది తీసి నాకిచ్చేసి, ఇది కప్పుకోండి. అది అంత మంచిది కాదండి."

రాజుగారి మొహం చిన్నబోయింది. "అదేంటి అమ్మాజీ, నా చేత్తో కప్పింది మంచిది కాదంటావేంటి?"

"ఆయ్, మంచిదేనండి. ఇది ఇంకా మంచిదని."

శశిభూషణ్‌గారు చిరునవ్వు నవ్వారు. తెల్లటి చేతిరుమాలుతో శాలువా రెండు చివరలూ కలిపి పట్టుకుని, ఒళ్ళోకి జారకుండా పైకెత్తి ఉంచారు. "వద్దండి, నాకిదే బాగుంది. ఇలాంటిది దొరకడం కష్టం," అన్నారు. రాజుగారి మొహం మళ్ళీ వెలిగింది. తలుపు సందులోంచి చూస్తున్న శ్రీదుర్గకు మాత్రం ఉన్న ఆశ కాస్తా నీరుగారింది.

రెండో ప్రయత్నం మూర్తిగారిది. ఆయన ఆలోచనకు సైన్సు ఆధారం ఉంది. మే నెల, మిట్టమధ్యాహ్నం, గోదావరి జిల్లా. భోజనాల గదిలో ఏసీ, ఫ్యాన్లు ఆపేస్తే మనిషన్నవాడు భుజం మీద ఏదీ ఉంచుకోలేడు. విస్తళ్ళు వేశారు. రాజుగారు రెండు రకాల భోజనాలు చేయించారు. అతిథి రొయ్యలు తినరని తెలిసి నిజంగానే బాధపడి, ఆ లోటు తీర్చడానికి పనసపొట్టు కూర, గుత్తివంకాయ, ముద్దపప్పు, పులిహోర, పూర్ణాలు, పెరుగావడలు, ఇంకా ఏవేవో వరసగా వడ్డింపించారు. పప్పులో నెయ్యి వేస్తుండగా మూర్తిగారు మెల్లగా వరండాలోకి వెళ్ళి మెయిన్ ఆపేశారు.

అయిదు నిమిషాలకు రాజుగారి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పది నిమిషాలకు వడ్డించేవాళ్ళ చెమట ఎక్కడ విస్తట్లో పడుతుందోనని అందరూ విస్తళ్ళు వెనక్కి లాక్కున్నారు. మూర్తిగారే తన వ్యూహానికి తాను తట్టుకోలేక చొక్కా పైగుండీలు విప్పేసి, పులిహోర విస్తరి పక్కకు తోసి, ఆ ఖాళీలో చల్లగా ఉంటుందేమోనని బల్లకు చెంప ఆనించారు. శశిభూషణ్‌గారు కదల్లేదు. నుదుటి మీంచి చెమట కారుతోంది, మెడ ఎర్రబడింది. అయినా ఎడమచేత్తో శాలువా చివరలు చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు పైకెత్తి పట్టుకుని, కుడిచేత్తో పూర్ణాలు తింటున్నారు. శ్రీదుర్గ తలుపు దగ్గర నిలబడి చూస్తూ, రెండువందల యాభై డిగ్రీల పరీక్షకు పలక ఎందుకు, ఈయన్నే ఓవెన్‌లో కూర్చోబెట్టి సంతకం పెట్టించుకోవచ్చుగదా అనుకుంది.

"చూశారా!" అన్నారు రాజుగారు విసనకర్ర ఊపుకుంటూ, కళ్ళు చెమర్చగా. "ఎన్ని శాలువాలు కప్పానో లెక్కలేదు. బయటికెళ్ళి డిక్కీలో పడేసేవాళ్ళే అందరూ. అన్నం తినేటప్పుడు కూడా మరక పడకుండా ఎత్తి పట్టుకున్న మహానుభావుణ్ణి ఇప్పుడే చూస్తున్నా."

మూర్తిగారు లేచి వెళ్ళి మెయిన్ వేసేశారు.

భోజనం తరవాత అతిథిని గెస్ట్ రూములో పడకకుర్చీలో కూర్చోబెట్టారు. మూడింటికి ల్యాబ్‌లో గుడ్డ కత్తిరించే కార్యక్రమం. రెండున్నరకు మూర్తిగారు ఒక గోనెసంచి తెచ్చి శ్రీదుర్గ ముందు పెట్టారు. అందులో తెల్లటి గాజుపీచు చాప ఉంది. యానాం వైపు పడవలకు చిల్లులు పడితే మాటు వెయ్యడానికి వాడేది.

"ఇది కూడా గాజేనమ్మా," అన్నారు గొంతు తగ్గించి. "పైనా కిందా మంచి గుడ్డ వేసి, మధ్యలో తొమ్మిది ముక్కలు ఇది సర్దెయ్. ఆ నల్ల రెసిన్‌లో ముంచాక లోపలేముందో దేవుడికే తెలియాలి. ఆయన వచ్చేలోపే ముంచేసి ఉంచితే, బద్దలు కోసినా తేడా ఎవరికి తెలుస్తుంది?"

"దీనికి నా రెసిన్ పట్టదు సార్. వేడికి పొరలు విడిపోతాయి."

"విడిపోకపోతేనో? ఏదో ఒకటి పలక అంటూ ఉంటుందిగా. ఏ పలకా లేకపోతే అసలు పరీక్షే లేదు. గదిలో బస్తాలు పడతాయి."

శ్రీదుర్గ ఆ చాపను చేత్తో పట్టుకుని చూసింది. పెద్ద నీతిమంతురాల్లా అప్పటికప్పుడు విసిరికొట్టిందని రాస్తే అబద్ధం రాసినట్టు. ఆమె లెక్క వేసుకుంది. మూడు మంచి పొరలు బయటి వైపు వేస్తే, వంచేటప్పుడు బలమంతా బయటి పొరల మీదే పడుతుంది గనక, నిలబడినా నిలబడవచ్చు. అయిదేళ్ళ పని. మేత బస్తాల మధ్య ఓవెన్ కనిపించింది కళ్ళ ముందు. ఏడుపొచ్చింది. "ముందు ఇంకొక్కసారి చూసొస్తాను సార్," అని బల్ల మీది కత్తెర తీసుకుని బయటికి నడిచింది.

గెస్ట్ రూములో ఫ్యాన్ తిరుగుతోంది. శశిభూషణ్‌గారు కళ్ళు మూసుకుని పడకకుర్చీలో వెనక్కి వాలారు. శాలువా ఒక కొస కుడివైపు స్టూలు మీద, ఇంకో కొస ఎడమవైపు స్టూలు మీద పరిచి ఉన్నాయి. రెండింటి కిందా ఫైలులోంచి తీసిన తెల్లకాగితాలు వేసుకున్నారు. ఎంత శుభ్రం మనిషికి, అనుకుంది శ్రీదుర్గ. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కత్తెర తెరిచింది. ఒక కొస చాలు. రెండు వరసలు, ఆరు ముక్కలొస్తాయి. మూడూ ఆరూ తొమ్మిది. తొమ్మిది పొరలు కూడా పొరలే. నిద్ర లేచాక శాలువా ఒకవైపు పొట్టిగా ఉందేంటని ఆయన అడిగితే అప్పుడు చూసుకోవచ్చు.

కత్తెర అంచుకు ఆనించి, కట్ చెయ్యబోతూ తలెత్తి ఆయన మెడ చూసింది. చెవి కింద నుంచి భుజం దాకా ఎర్రగా కందిపోయి, దద్దుర్లు తేలి ఉంది. గోక్కున్న గీత ఒక్కటి కూడా లేదు. నాలుగు గంటలు. తన గుడ్డ వల్ల, తన వాళ్ళ మొహమాటం వల్ల, తండ్రి వయసు మనిషి నాలుగు గంటల నుంచి మెడ మీద గాజు మోస్తున్నాడు. తానేమో కత్తెర పట్టుకుని దొంగలా మోకాళ్ళ మీద కూర్చుంది. శ్రీదుర్గకు తన మీద తనకే చెప్పలేనంత సిగ్గు వేసింది. మర్యాద మర్యాద అంటూ పొద్దుటి నుంచీ అందరూ కలిసి ఆ మనిషిని హింసపెట్టారు, అంతే.

"సార్," అంది గట్టిగా. "సార్, లేవండి. ఆ శాలువా తీసెయ్యండి. అది శాలువా కాదు."

ఆయన కళ్ళు తెరవలేదు. "మరేంటమ్మా?"

శ్రీదుర్గ చెప్పేసింది. బీరువా సంగతి, జరీ సంగతి, ఫ్యాన్లు ఆపిన సంగతి కూడా దాచలేదు. ల్యాబ్‌లో గోనెసంచిలో పడవల చాప ఉందనీ, అది కలిపేద్దామని తనకూ ఒక్క క్షణం అనిపించిందనీ చెప్పింది. "తొమ్మిది పొరలు లేవండి నా దగ్గర. ఇవాళ పలక చెయ్యలేను. గంధం, పన్నీరు, చెమట తగిలిన గుడ్డ పనికిరాదని నాకూ తెలుసు. మీరు రాసేది రాసుకోండి. ముందు అది తీసెయ్యండి సార్, మీ మెడ చూడలేకపోతున్నాను."

శశిభూషణ్‌గారు కళ్ళు తెరిచారు. నిద్రపోయిన కళ్ళలా లేవవి.

"ఈ కొసలు ముందు నువ్వు పట్టుకోమ్మా, కింద ఆనకుండా. చేతులు లాగేస్తున్నాయి," అన్నారు. ఆమె రెండు కొసలూ కాగితాలతో సహా ఎత్తి పట్టుకుంది. ఆయన మెల్లగా తల బయటికి తీసి, రెండు చేతులతోనూ మెడ గోక్కున్నారు. మొహంలో ఎంత ఆనందం కనిపించిందంటే, శ్రీదుర్గ మర్యాద కోసం తల అటు తిప్పుకుంది.

"నాదీ కోనసీమేనమ్మా, ముంగండ దగ్గర," అన్నారాయన గోక్కుంటూనే. "ముప్పై ఏళ్ళుగా ఈ గుడ్డతోనే కాపురం. మెడ మీద పడగానే తెలిసింది ఏంటో. ఏడు మీద, ఒకటి కింద. వేదిక మీద రాజుగారి కళ్ళలోకి చూస్తే, తీసెయ్యబుద్ధి కాలేదు. మా ఊళ్ళో పెరిగినవాణ్ణి, కప్పిన శాలువా తీసేసే ధైర్యం నాకెక్కడ్నుంచొస్తుంది?"

"అయితే మరి చివరలు..."

"నీ శాంపిలేనని తెలుసుగా. అందుకే చేతిరుమాలుతో పట్టుకుని, పప్పు తగలకుండా, చెమట తగలకుండా, నేల తగలకుండా చూసుకుంటున్నా. గంధమూ చెమటా మధ్యలోనే ఉన్నాయి. కొసలు రెండూ అంటుకోని మడిబట్టలే. ఓవెన్‌లో నూట పది డిగ్రీల దగ్గర ఒక గంట ఆరబెడితే సరిపోతుంది." ఆయన కత్తెర వంక చూశారు. "పూర్ణాలు ఒంటిచేత్తో తినడమే కష్టమైంది. ఎవరో ఒకరు వచ్చి చెబుతారని ఎదురుచూస్తూనే ఉన్నానమ్మా. మూడింటికి పన్నెండు పొరలూ సిద్ధంగా ఉన్నాయండీ అని నవ్వుకుంటూ వచ్చి ఉంటే, శాలువా భుజానేసుకుని సాయంత్రం రైలుకే వెళ్ళిపోయేవాణ్ణి."

శ్రీదుర్గ గుడ్డ కొసలు పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చింది. "ఏడిస్తే ఏడువు గానీ, గుడ్డ మీద పడకుండా చూసుకో," అన్నారాయన.

మూడు గంటలకు ల్యాబ్‌లో పని మొదలైంది. అమ్మాజీ తన జరీని తానే, మోచేతుల దాకా గ్లవ్స్ వేసుకుని, ఒక్కొక్క కుట్టే విప్పింది. ఒక్కో కొసలో రెండు వరసల చొప్పున ఆరేసి ముక్కలు వచ్చాయి. దాచిన అరమీటరులో ఒక వరస, మూడు. పన్నెండు కావలసినచోట పదిహేను. మూర్తిగారు గోనెసంచిని ఎవరూ చూడకుండా బల్ల కిందికి కాలితో నెట్టారు. శశిభూషణ్‌గారు అది చూసి చూడనట్టు ఊరుకున్నారు, ముంగండ వైపు మనిషి కదా. గుడ్డ ఆరింది. రెసిన్ పట్టించారు, ఒక్కొక్క పొరా పేర్చి, గాలిబుడగ లేకుండా రోలరు తిప్పి, నొక్కిపెట్టి ఓవెన్‌లో పెట్టారు. ఇక ఎంతసేపు ఎంత వేడో ఓవెన్‌కు చెప్పి పెట్టాక అది తన పని తాను చేసుకుంటుంది.

మర్నాడు పలక చల్లారాక బద్దలు కోశారు. ముందు మామూలు గదిలో వంచారు. తరవాత మెషీన్‌కు ఉన్న వేడిపెట్టెలో, రెండువందల యాభై డిగ్రీల దగ్గర. కంప్యూటరు మీద గీత పైకి పాకుతుంటే శ్రీదుర్గ చూడలేక గోడ వైపు తిరిగి నిలబడింది. టప్పున బద్ద విరిగిన చప్పుడైంది. మూర్తిగారు అంకె చదవడానికి కళ్ళజోడు వెతుక్కుంటున్నారు, అది ఆయన నెత్తి మీదే ఉంది.

"డెబ్బై నాలుగు," అన్నారు శశిభూషణ్‌గారు.

ఆయన అయిదు బద్దలు విరిచి చూశారు. డెబ్బై మూడుకు ఏదీ తగ్గలేదు. కలం తీసి, కాగితం మీద సంతకం పెట్టి, తారీఖు వేశారు. శ్రీదుర్గ ఓవెన్ మీద చెయ్యి వేసి నిలబడింది. అది ఇంకా గోరువెచ్చగా ఉంది.

కబురు విని రాజుగారు పరుగున వచ్చారు, చేతిలో అమ్మాజీ కొన్న మెరూన్ శాలువా. "సార్, ఇంత మంచి కబురు చెప్పినందుకు..." అంటూ విప్పబోయారు.

"ఆగండి రాజుగారూ. నాకు నిన్ననే కప్పారు, ఇంకా మానలేదు. ఇవాళ కప్పాల్సింది వేరే వాళ్ళకి," అన్నారు శశిభూషణ్‌గారు. బల్ల మీద మిగిలిన ముక్క ఉంది. శాలువా నడిమి భాగం, గంధం మరకతో. ఆయన దాన్ని దులిపి, అమ్మాజీ వంక చూశారు. ఆమె విప్పిన జరీని అక్కడికక్కడే నాలుగు పెద్ద కుట్లు వేసి తగిలించింది. ఆయన దాన్ని రెండు చేతులతోనూ పట్టుకుని శ్రీదుర్గ భుజాల మీద కప్పారు.

రాజుగారు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. గదిలో ఇక మేత బస్తాలు పెట్టబోమనీ, తలుపుకు కొత్త బోర్డు రాయిస్తాననీ ప్రకటించారు. ఇంత గొప్ప గుడ్డ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోమనీ, ఇక మీదట అతిథులందరికీ ఇదే కప్పుదామనీ కూడా అన్నారు. మూర్తిగారికి పొలమారింది.

నిమిషం తిరక్కుండానే శ్రీదుర్గకు మెడ మీద దురద మొదలైంది. అమ్మాజీ పక్కకు జరిగి చెవిలో గుసగుసలాడింది. "మేడమ్ గారూ, చాలండి, తీసెయ్యండి."

"ఉండనివ్వండి అమ్మాజీ గారూ," అంది శ్రీదుర్గ.

రాజుగారు మైకు తెప్పించారు. ఉపన్యాసం ముప్పావుగంట సాగింది. శ్రీదుర్గ ఒక్కసారి కూడా గోక్కోలేదు.